ఉద్గారాలు ఎవరి పద్దులో? పరిశ్రమలు, ఇళ్లు వదిలే గ్రీన్‌హౌస్ వాయువులను జాతీయ గణాంకాలు లెక్కకట్టే తీరు: సమగ్ర మార్గదర్శి

ఒకే దేశం, ఒకే ఏడాది. పర్యావరణ శాఖ నివేదికలో ఒక అంకె ఉంటుంది, గణాంక కార్యాలయం పట్టికలో ఇంకో అంకె ఉంటుంది. రెండూ ప్రభుత్వానివే, రెండూ సరైనవే. ఎవరో లెక్కలు మార్చేశారని అనుమానించే ముందు చూడాల్సింది ఒకటుంది. గాలిలో కలిసిన ఒక టన్ను వాయువును ఎవరి పద్దులో రాయాలన్న ప్రశ్నకు ఆ రెండు కార్యాలయాలు వేర్వేరు జవాబులు ఎంచుకున్నాయి. ఈ రంగంలో అయోమయం చాలావరకు అక్కడే మొదలవుతుంది. వాయువు ఎంత అన్నది సగం ప్రశ్నే. ఎవరిది అన్నది మిగతా సగం, కష్టమైన సగం కూడా అదే.

ఆ లెక్కను మొదటి నుంచి కట్టుకుంటూ వెళ్దాం. కూడిక, తీసివేత, గుణకారం వస్తే చాలు. పర్యావరణ వార్తలు రాసేవాళ్లు, ఆర్థికశాస్త్రం చదివేవాళ్లు, కంపెనీలో కార్బన్ రిపోర్టు నెత్తిన పడినవాళ్లు ఎవరైనా దీన్ని పట్టుకుని అధికారిక పట్టికలు చదవగలగాలన్నది నా ఉద్దేశం.

ముందు ఒక అపోహ తొలగించుకోవాలి. దేశంలోని ప్రతి పొగగొట్టానికీ మీటరు బిగించి ఉంటుందని చాలామంది అనుకుంటారు. అలాంటి చోట్లు లేకపోలేదు. అమెరికాలో పెద్ద విద్యుత్ కేంద్రాల చిమ్నీల్లో కార్బన్ డయాక్సైడ్‌ను గంట గంటకూ నమోదు చేసే పరికరాలున్నాయి. కానీ ఏ దేశపు మొత్తం అంకెలోనైనా ఎక్కువ భాగం కొలిచింది కాదు, లెక్కకట్టింది. లెక్కకట్టింది కాబట్టి నమ్మలేమని కాదు. ఇంధనంలో ఎంత కార్బన్ ఉందో రసాయనశాస్త్రానికి తెలుసు. మండిన కార్బన్ ఎక్కడికీ మాయమైపోదు. ఎంత ఇంధనం మండిందో తెలిస్తే ఎంత వాయువు వచ్చిందో చాలా దగ్గరగా చెప్పేయొచ్చు.

మొదటి మెట్టు: గీత ఎక్కడ గీయాలో తేల్చుకోండి

వాడుకలో ఉన్న ప్రధాన పద్ధతులు రెండు.

ఒకటి భూభాగ పద్ధతి. 1992లో కుదిరిన ఐక్యరాజ్యసమితి వాతావరణ ఒప్పందం కింద దేశాలు సమర్పించే జాతీయ ఇన్వెంటరీ, అంటే ఉద్గారాల చిట్టా, దీని మీదే నడుస్తుంది. దేశ సరిహద్దుల లోపల విడుదలైనదంతా ఆ దేశానిదే, విడుదల చేసింది స్వదేశీ కంపెనీనా విదేశీ కంపెనీనా అన్నది అనవసరం. అంతర్జాతీయ ఓడలు, విమానాలు కాల్చే ఇంధనం మాత్రం ఏ దేశం మొత్తంలోనూ కలవదు. పట్టిక కింద విడిగా, కేవలం సమాచారం కోసం రాస్తారు. లెక్క ఎలా కట్టాలో వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘమైన ఐపీసీసీ 2006 మార్గదర్శకాలు చెబుతాయి. వాటికి 2019లో మెరుగులు దిద్దారు.

రెండోది నివాస పద్ధతి. జీడీపీని లెక్కించేది ఈ సూత్రం మీదే. ఒక దేశపు ఆర్థిక వ్యవస్థకు చెందిన సంస్థలు, కుటుంబాలు ప్రపంచంలో ఎక్కడ ఇంధనం కాల్చినా అది ఆ దేశపు పద్దులోకే వస్తుంది. విదేశీయులు మన గడ్డ మీద కాల్చినది వాళ్ల దేశానికి పోతుంది. గణాంక కార్యాలయాలు ప్రచురించే గాలి ఉద్గారాల ఖాతాలు ఈ పద్ధతివి. 1990ల తొలినాళ్లలో నెదర్లాండ్స్ గణాంక సంస్థ ఆర్థిక ఖాతాల పక్కనే ఉద్గారాల నిలువు వరసలు పెట్టి దీనికి దారి చూపింది. 2012లో ఐక్యరాజ్యసమితి గణాంక కమిషన్ పర్యావరణ-ఆర్థిక ఖాతాల కేంద్ర చట్రాన్ని అంతర్జాతీయ ప్రమాణంగా ఆమోదించింది. యూరోపియన్ యూనియన్‌లో 2011 నాటి 691వ నంబరు నిబంధన ప్రకారం సభ్యదేశాలు ఈ ఖాతాలు ఇచ్చి తీరాలి.

గీత మారితే అంకె ఎంత మారుతుందో డెన్మార్క్‌ను చూస్తే తెలుస్తుంది. ఆ దేశపు నౌకా సంస్థల ఓడలు ప్రపంచంలోని రేవులన్నిటిలో ఇంధనం నింపుకుంటాయి. భూభాగ లెక్కలో అవి దాదాపు కనిపించవు, నివాస లెక్కలో మొత్తాన్ని ఒక్కసారిగా పైకి లేపేస్తాయి. లగ్జెంబర్గ్ కథ ఇంకోలా ఉంటుంది. పొరుగు దేశాలకంటే అక్కడ పెట్రోలు, డీజిల్ చవక కావడంతో దారినపోయే లారీలు, సరిహద్దు దాటి వచ్చే కార్లు అక్కడే ట్యాంకు నింపుకుంటాయి. రోడ్డు వాహనాల ఇంధనాన్ని మాత్రం భూభాగ లెక్క అమ్మిన చోటే రాస్తుంది కాబట్టి, అది ఎక్కడ మండినా ఆ చిన్న దేశం నెత్తినే పడుతుంది.

ఏ పట్టిక చేతికొచ్చినా మొదట వెతకాల్సింది అంకెను కాదు, ఇది ఏ పద్ధతి అన్న ఒక్క వాక్యాన్ని. అది దొరక్కపోతే ఆ పట్టికను పక్కన పెట్టేయడమే మంచిది.

రెండో మెట్టు: ఏ వాయువులు, ఏ తూకం

లెక్కలోకి వచ్చేవి కార్బన్ డయాక్సైడ్, మీథేన్, నైట్రస్ ఆక్సైడ్, ఇంకా ఫ్లోరిన్ వాయువులు నాలుగు రకాలు: హైడ్రోఫ్లోరోకార్బన్లు, పర్‌ఫ్లోరోకార్బన్లు, సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్, నైట్రోజన్ ట్రైఫ్లోరైడ్. 1997 క్యోటో ఒప్పందంలో మొదటి ఆరే ఉండేవి, చివరిదాన్ని తర్వాత చేర్చారు.

వీటన్నిటినీ ఒకే తూకంలోకి తేవడానికి భూతాప సామర్థ్యం అనే గుణకం వాడతారు. వందేళ్ల కాలానికి లెక్కిస్తే, ఐపీసీసీ ఐదో నివేదిక ప్రకారం ఒక టన్ను మీథేన్ 28 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు సమానం. నైట్రస్ ఆక్సైడ్ 265, సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ 23,500. పారిస్ ఒప్పందం కింద రిపోర్టులకు ఈ ఐదో నివేదిక విలువలే వాడాలని 2018లో నిర్ణయమైంది.

ఇక్కడో చిక్కుంది. మీథేన్ గుణకం రెండో నివేదికలో 21, నాలుగో నివేదికలో 25, ఐదో నివేదికలో 28. అంటే ఒక పశువు కూడా పెరగకుండానే, ఒక చెత్తకుప్ప కూడా కొత్తగా వెలవకుండానే, పశుపోషణ రంగపు మీథేన్ అంకె కాగితం మీద 25 నుంచి 28కి, అంటే 12 శాతం పెరిగిపోతుంది. నైట్రస్ ఆక్సైడ్ అదే మార్పులో 298 నుంచి 265కి తగ్గింది. పాత పుస్తకంలోంచి ఒక ఏడాది, కొత్త వెబ్‌సైటులోంచి ఇంకో ఏడాది తెచ్చి పోల్చేవాళ్లు ఎక్కువగా బోల్తా పడేది ఇక్కడే. వీలైతే వాయువుల వారీగా టన్నుల్లో ఉన్న పట్టిక దించుకుని, గుణకం మీరే వేసుకోండి.

మూడో మెట్టు: ఏం జరిగిందో పోగుచేయండి

ఉద్గారాల లెక్కకు ముడిసరుకు వాయువుల సమాచారం కాదు, మనుషుల పనుల సమాచారం. ఎన్ని టన్నుల బొగ్గు, ఎంత డీజిల్, ఎంత క్లింకర్ (సిమెంటుగా పొడిచేసే ముందు బట్టీలోంచి వచ్చే ముద్ద), ఎన్ని పాడి పశువులు, ఎంత నత్రజని ఎరువు, ఎంత చెత్త. దీన్ని కార్యకలాప డేటా అంటారు.

ఇందులో వెన్నెముక శక్తి సమతుల్య పట్టిక. దేశంలో ఉత్పత్తయిన ఇంధనం, దిగుమతి, ఎగుమతి, నిల్వల్లో మార్పు, విద్యుత్ కేంద్రాల వాడకం, పరిశ్రమల వాడకం, ఇళ్ల వాడకం, ఇలా ప్రతి ఇంధనానికీ ఒక నిలువు వరస ఉంటుంది. దీనికి కస్టమ్స్ రికార్డులు, చమురు కంపెనీల అమ్మకాలు, పన్ను రికార్డులు, ఫ్యాక్టరీల సర్వేలు తోడవుతాయి. మార్కెట్లో కొనని కట్టెలు, పిడకల లాంటివాటికి కుటుంబాల సర్వే తప్ప వేరే దారి లేదు. అందుకే చాలా దేశాల్లో ఇళ్ల లెక్కలో అన్నిటికంటే బలహీనమైన భాగం కట్టెల పొయ్యే.

ఉద్గార హక్కులు కొని అమ్మే కార్బన్ మార్కెట్ ఉన్నచోట ఇంకో మంచి వనరు దొరుకుతుంది. యూరప్‌లో 2005 నుంచి పెద్ద ప్లాంట్లు ఏటా తనిఖీ అయిన ఉద్గారాల నివేదిక ఇస్తున్నాయి. ఉక్కు, సిమెంటు, విద్యుత్ లాంటి రంగాలకు గణాంక అధికారులు ఇప్పుడు ఆ నివేదికల మీదే ఎక్కువగా ఆధారపడతారు.

నాలుగో మెట్టు: గుణించండి

సూత్రం ఒక్కటే: కార్యకలాపం × ఉద్గార గుణకం. డీజిల్‌తో చేసి చూద్దాం.

ఒక టన్ను డీజిల్‌లో 43 గిగాజౌళ్ల శక్తి ఉంటుంది. ఒక్కో గిగాజౌలుకు 74.1 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. రెండూ ఐపీసీసీ ఇచ్చిన సాధారణ విలువలు. గుణిస్తే 3,186 కిలోలు. ఒక టన్ను ద్రవం మూడు టన్నులకు పైగా వాయువు ఎలా అయిందని అనుమానం రావచ్చు. కార్బన్ మండేటప్పుడు గాలిలోని ఆక్సిజన్‌ను కలుపుకుంటుంది కాబట్టి 12 కిలోల కార్బన్ 44 కిలోల కార్బన్ డయాక్సైడ్ అవుతుంది.

మిగతా ఇంధనాలకూ ఇంతే. గిగాజౌలుకు సహజవాయువు 56.1 కిలోలు, వంట గ్యాస్ 63.1, పెట్రోలు 69.3, సాధారణ బిట్యుమినస్ బొగ్గు 94.6, లిగ్నైట్ 101. కట్టెలకు 112 అని చూసి ఆశ్చర్యపోకండి, ఆ సంగతి ఇళ్ల దగ్గర వస్తుంది.

అన్నీ మంటలోంచే రావు. సిమెంటు కోసం సున్నపురాయిని కాల్చినప్పుడు రాయిలోంచే కార్బన్ డయాక్సైడ్ బయటికొస్తుంది. ఒక టన్ను క్లింకర్‌కు సుమారు 0.52 టన్నులు. బట్టీని సౌరశక్తితో వేడిచేసినా ఈ భాగం తగ్గదు. పశువుల కడుపులోంచి వచ్చే మీథేన్‌కు ఐపీసీసీ 2006 విలువలు ప్రాంతాన్ని బట్టి మారతాయి. పాడి ఆవుకు ఏడాదికి పశ్చిమ యూరప్‌లో 117 కిలోలైతే భారత ఉపఖండంలో 58. శరీరం బరువు, మేత, పాల దిగుబడి వేరు కాబట్టి గుణకమూ వేరు.

గుణకాలకు మూడు అంచెలున్నాయి. మొదటి అంచె ప్రపంచానికంతా ఇచ్చిన సాధారణ విలువ. రెండో అంచె ఆ దేశపు బొగ్గును, పశువులను పరీక్షించి తేల్చుకున్న విలువ. మూడో అంచె ప్లాంటు స్థాయి కొలతలు లేదా వివరమైన మోడళ్లు. అన్నిటికీ మూడో అంచె వాడాలంటే ఖర్చు భరించలేం. అందుకే మొత్తంలో 95 శాతానికి కారణమైన కీలక వర్గాలను గుర్తించి, శ్రమ అక్కడ పెట్టమని మార్గదర్శకాలు చెబుతాయి. నా మట్టుకు, ఒక దేశపు ఇన్వెంటరీ నాణ్యత తెలుసుకోవాలంటే మొత్తం అంకె చూడను. బొగ్గుకు, పశువులకు ఏ అంచె వాడారో చూస్తాను.

కొన్ని గుణకాలు ఎంత వదులుగా ఉంటాయో కూడా తెలిసుండాలి. పొలంలో వేసిన నత్రజనిలో 1 శాతం నైట్రస్ ఆక్సైడ్ రూపంలో పోతుందని 2006 సాధారణ విలువ. లక్ష టన్నుల నత్రజని వేస్తే 1,000 టన్నుల నత్రజని, దాన్ని 44/28తో గుణిస్తే 1,571 టన్నుల నైట్రస్ ఆక్సైడ్, 265తో గుణిస్తే 4.16 లక్షల టన్నుల కార్బన్ డయాక్సైడ్ సమానం. అయితే ఆ 1 శాతం నిజానికి 0.3 నుంచి 3 శాతం దాకా ఉండొచ్చని అదే మార్గదర్శకం ఒప్పుకుంటుంది. అంటే 1.25 లక్షల నుంచి 12.5 లక్షల టన్నుల దాకా ఏదైనా కావచ్చు. ఇంధనాల కార్బన్ డయాక్సైడ్‌లో తప్పు కొద్ది శాతమే. వ్యవసాయ భూముల లెక్కలో మూడు రెట్లు అటూ ఇటూ. రెండిటినీ ఒకే పట్టికలో, ఒకే రకమైన దశాంశ స్థానాలతో అచ్చు వేస్తారు. చదివేవాడే ఆ తేడా గుర్తుంచుకోవాలి.

ఐదో మెట్టు: పైనుంచి ఒకసారి సరిచూడండి

పంచడానికి ముందు మొత్తం సరిగా ఉందో లేదో చూసే మంచి అలవాటు ఒకటుంది. ఎవరు కాల్చారన్నది పక్కనపెట్టి దేశంలోకి ఎంత ఇంధనం వచ్చిందో మాత్రమే చూడాలి. ఉత్పత్తి, దిగుమతి కలిపి ఎగుమతి, అంతర్జాతీయ ఓడల-విమానాల ఇంధనం, పెరిగిన నిల్వలు తీసేయాలి. మిగిలినదాంట్లో తారు, ప్లాస్టిక్ ముడిసరుకు లాంటి రూపంలో మండకుండా ఉండిపోయిన కార్బన్‌ను కూడా తీసేయాలి. వచ్చిన అంకె రంగాల వారీగా కట్టిన మొత్తానికి దగ్గరగా ఉండాలి. తేడా 5 శాతం దాటితే కారణం వెతకాలి. చాలాసార్లు అది నిల్వల లెక్కలోనో, బొగ్గు నాణ్యత విషయంలోనో బయటపడుతుంది.

ఆరో మెట్టు: పరిశ్రమలకు పంచండి

ఇక్కడి నుంచి ఇన్వెంటరీ దారి వేరు, ఖాతాల దారి వేరు. ఇన్వెంటరీ ఏ ప్రక్రియ జరిగిందని అడుగుతుంది. ఖాతా ఎవరు చేశారని అడుగుతుంది. రోడ్డు మీది వాహనాలన్నీ ఇన్వెంటరీలో రవాణా అనే ఒకే వర్గంలో ఉంటాయి. ఖాతాలో అవి చెల్లాచెదురైపోతాయి. లారీ కంపెనీ లారీ రవాణా పరిశ్రమకు, పాల కంపెనీ సొంత వ్యాను ఆహార పరిశ్రమకు, ఆసుపత్రి అంబులెన్సు ఆరోగ్య సేవలకు, కుటుంబం కారు గృహ రంగానికి పోతాయి. గణాంకాల్లో పరిశ్రమ అంటే చిమ్నీలున్న ఫ్యాక్టరీ ఒక్కటే కాదు. పాఠశాల, బ్యాంకు, ప్రభుత్వ కార్యాలయం, పొలం అన్నీ అందులో ఉంటాయి. వర్గీకరణ ఐక్యరాజ్యసమితి పారిశ్రామిక వర్గీకరణను అనుసరిస్తుంది, అదే వర్గీకరణలో ఉపాధి, విలువ జోడింపు (కొన్న సరుకుల ఖర్చు పోగా పరిశ్రమ కొత్తగా చేర్చిన విలువ) అంకెలూ వస్తాయి.

పంచడం ఎలాగో ఒక ఊహా దేశంతో చూద్దాం. అక్కడ ఏడాదికి 10 లక్షల టన్నుల డీజిల్ అమ్ముడైంది అనుకోండి. అమ్మకాల మీద కట్టిన ఉద్గారం 31.86 లక్షల టన్నులు. వాహనాల రిజిస్ట్రేషన్, తనిఖీల్లో నమోదైన కిలోమీటర్లు, ఫ్యాక్టరీల ఇంధన సర్వేలు, కుటుంబాల ఖర్చుల సర్వే కలిపి చూస్తే ఆ డీజిల్ ఇలా విడిపోయింది: సరుకు రవాణా సంస్థలు 4 లక్షలు, ప్రయాణికుల రవాణా 1.5 లక్షలు, వ్యవసాయం 1 లక్ష, తయారీ-నిర్మాణం-వ్యాపార సంస్థల సొంత వాహనాలు 1.5 లక్షలు, కుటుంబాల కార్లు 2 లక్షలు. సరుకు రవాణాలోని 4 లక్షల్లో 80 వేల టన్నులు విదేశీ లారీలు నింపుకున్నవి. ఆ దేశపు లారీలు బయట 50 వేల టన్నులు నింపుకున్నాయి. నివాస పద్ధతిలో మొదటిది తీసేసి రెండోది కలపాలి. అప్పుడు సరుకు రవాణాకు 3.7 లక్షల టన్నుల డీజిల్, అంటే 11.79 లక్షల టన్నుల కార్బన్ డయాక్సైడ్. గృహ రంగానికి 6.37 లక్షలు. దేశం మొత్తం 30.90 లక్షలు.

ఇంత సాఫీగా ఎప్పుడూ జరగదు. చిక్కులు వచ్చే చోట్లు కొన్ని చూద్దాం.

ఉక్కు కర్మాగారం మొదటిది. బ్లాస్ట్ ఫర్నేసులో (ఇనుప ఖనిజాన్ని కరిగించే కొలిమిలో) వాడే కోక్, అంటే బొగ్గు నుంచి చేసిన ఇంధనం, ఇన్వెంటరీలో పారిశ్రామిక ప్రక్రియల కిందికి వస్తుంది. ఫర్నేసు నుంచి వచ్చే వాయువును కర్మాగారం తన సొంత విద్యుత్ యూనిట్లో కాలిస్తే ఖాతాలో అది ఉక్కు పరిశ్రమదే. అదే వాయువును గోడ అవతలి విద్యుత్ కంపెనీకి అమ్మితే, ఖాతాలో అది విద్యుత్ పరిశ్రమది అయిపోతుంది. పొగ అదే, గొట్టం కూడా అదే కావచ్చు. యాజమాన్యం మారింది, పద్దు మారింది.

రెండోది ఔట్‌సోర్సింగ్. పాల కంపెనీ తన వ్యాన్లన్నీ అమ్మేసి రవాణా సంస్థతో కాంట్రాక్టు కుదుర్చుకుంటే, ఆ ఏడాది ఆహార పరిశ్రమ ఉద్గారాలు తగ్గినట్టు, రవాణావి పెరిగినట్టు కనిపిస్తుంది. ఏ పరిశ్రమ గ్రాఫులోనైనా ఉన్నట్టుండి మెట్టు దిగినట్టు కనిపిస్తే సాంకేతిక విప్లవం అని రాసే ముందు ఇలాంటి కారణం ఉందేమో చూడాలి.

మూడోది చెత్తకుప్పలు. పూడ్చిన చెత్త ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా మీథేన్ వదులుతుంది. దాన్ని క్షయ సూత్రంతో లెక్కిస్తారు. కాబట్టి ఈ ఏడాది పట్టికలోని మీథేన్‌లో చాలావరకు ఎప్పుడో పడేసిన చెత్తది. ఖాతా దాన్ని పడేసిన కుటుంబాలకు కాదు, ఇప్పుడు ఆ కుప్పను నిర్వహిస్తున్న వ్యర్థాల పరిశ్రమకు రాస్తుంది.

ఇంకో చిన్న ఆటంకం గోప్యత. ఒక దేశంలో ఒకే సిమెంటు కంపెనీ ఉంటే, సిమెంటు గడిలో అంకె వేయడమంటే ఆ కంపెనీ గుట్టు బయటపెట్టడమే. గణాంక చట్టాలు దానికి ఒప్పుకోవు. అందుకే కొన్ని గళ్లు ఖాళీగానో, పక్క పరిశ్రమతో కలిపేసో కనిపిస్తాయి. ఖాళీ గడిని సున్నా అనుకోవద్దు.

ఏడో మెట్టు: ఇళ్ల లెక్క

గృహ రంగం పద్దులో ఉండేది కుటుంబాలు స్వయంగా, నేరుగా వదిలినది మాత్రమే. ఖాతాలు దీన్ని మూడుగా విడదీస్తాయి: ఇంట్లో వేడి కోసం మండే ఇంధనం, సొంత వాహనాలు, ఇతరాలు. ఈ ఇతరాల్లో ఫ్రిజ్, ఏసీల నుంచి కారే శీతలీకరణ వాయువులు, గడ్డి కోసే యంత్రాలు, పెరట్లో చెత్త కాల్చడం లాంటివన్నీ ఉంటాయి.

ఇంట్లో వాడిన కరెంటు ఇందులో లేదు. బల్బు వెలిగింది ఇంట్లోనే అయినా బొగ్గు మండింది విద్యుత్ కేంద్రంలో, పద్దు వాళ్లదే. బస్సు టికెట్టు, విమాన ప్రయాణం రవాణా పరిశ్రమవి. టాక్సీ కూడా అంతే. అదే మనిషి అదే దారిలో సొంత కారు నడిపితే గృహ రంగానిది.

దీనివల్ల వచ్చే వింతలు గమనించాలి. పెట్రోలు కారు అమ్మి విద్యుత్ కారు కొన్న కుటుంబం కారు ఉద్గారం గృహ రంగంలో సున్నాకు పడిపోతుంది. అందులో ఎంతో కొంత విద్యుత్ పరిశ్రమలోకి మారుతుంది. ఎంత మారుతుందన్నది ఆ దేశంలో కరెంటు ఎలా తయారవుతుందన్న దాన్ని బట్టి ఉంటుంది. కాబట్టి గృహ ఉద్గారాలు తగ్గాయన్న వార్త చదివితే పక్కనే విద్యుత్ గడిని కూడా చూడాలి. చలి దేశాల్లో వాతావరణాన్ని కూడా చూడాలి. చలి తక్కువున్న ఏడాది హీటింగ్ తగ్గుతుంది, మామూలుగా ఈ ఖాతాల్లో దానికి సర్దుబాటు చేయరు.

ఇప్పుడు కట్టెల సంగతి. గిగాజౌలుకు 112 కిలోలంటే సహజవాయువుకు దాదాపు రెట్టింపు. కానీ ఆ కార్బన్ డయాక్సైడ్‌ను మొత్తంలో కలపరు, విడిగా ఒక వరసలో రాస్తారు. చెట్టు నరికినప్పుడే ఆ కార్బన్ నష్టం భూవినియోగం (అడవులు, నేలల్లోని కార్బన్) లెక్కలో పడిందన్నది కారణం. కట్టెలు కాల్చినప్పుడు వచ్చే మీథేన్, నైట్రస్ ఆక్సైడ్ మాత్రం మొత్తంలోకే వస్తాయి. ఇన్వెంటరీలో ఈ తర్కం చెల్లుతుంది, ఎందుకంటే భూవినియోగం అందులోనే ఉంది. గాలి ఉద్గారాల ఖాతాల్లో భూవినియోగం ఉండదు. కాబట్టి ఒక దేశంలో ఇళ్లు గ్యాస్ మాని కట్టెల వైపు మళ్లితే, ఖాతాల్లోని మొత్తం అంకె తగ్గినట్టే కనిపిస్తుంది. జీవ ఇంధనాల కార్బన్ డయాక్సైడ్ వరసను కూడా తెరిచి చూస్తేనే అసలు సంగతి అర్థమవుతుంది. ఆ వరసను చూడకుండా గృహ రంగం మీద వ్యాఖ్యానించడం సరికాదని నా అభిప్రాయం.

ఇళ్ల కార్లకూ, చిన్న వ్యాపారాల కార్లకూ మధ్య గీత గీయడం కూడా కష్టమే. పొద్దున సరుకు తెచ్చే బండిలోనే సాయంత్రం కుటుంబం బయటికెళుతుంది. రిజిస్ట్రేషన్ ఎవరి పేరు మీదుంది, సర్వేలో ఎంత పెట్రోలు ఖర్చు చెప్పారు అన్నవాటితో ఒక నిష్పత్తి తేల్చి పంచుతారు. ఆ నిష్పత్తిని ఏటా మార్చరు కాబట్టి అది పాతబడే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది.

ఎనిమిదో మెట్టు: వంతెన పట్టిక వేయండి

రెండు అంకెల మధ్య తేడాను వరస వరసగా చూపే చిన్న పట్టికను గణాంక కార్యాలయాలు వంతెన పట్టిక అంటాయి. ఖాతాల్లోని మొత్తంతో మొదలుపెట్టి, స్వదేశీయులు విదేశాల్లో వదిలినది తీసేసి, విదేశీయులు స్వదేశంలో వదిలినది కలిపితే ఇన్వెంటరీ మొత్తం దగ్గరికి వస్తుంది. విమానాలు, ఓడలు, రోడ్డు రవాణా, చేపల పడవలు విడివిడిగా చూపుతారు. మన ఊహా దేశంలో ఇది రెండు వరసలే: 30.90 లక్షల నుంచి 1.59 లక్షలు తీసేసి 2.55 లక్షలు కలిపితే 31.86 లక్షలు.

అధికారిక వెబ్‌సైటుల్లో ఈ పట్టిక తరచూ ఎక్కడో అడుగున ఉంటుంది. మొత్తం ప్రచురణలో మొదట తెరవాల్సింది అదేనని నేనంటాను. రెండు అంకెల్లో ఏది నిజమన్న వాదనకు జవాబు అందులోనే ఉంటుంది.

తొమ్మిదో మెట్టు: ఆర్థిక అంకెల పక్కన పెట్టండి

ఇంత కష్టపడి నివాస పద్ధతికి మార్చింది ఇందుకే. ఒక పరిశ్రమ ఉద్గారాన్ని అదే పరిశ్రమ స్థూల విలువ జోడింపుతో భాగిస్తే ఉద్గార తీవ్రత వస్తుంది. పైన, కింద ఒకే గీత ఉండాలి. డెన్మార్క్ ఓడల సంపాదన జీడీపీలో ఉండి వాటి పొగ లెక్కలో లేకపోతే ఆ భాగహారానికి అర్థం లేదు. విలువ జోడింపును స్థిర ధరల్లో తీసుకోండి, లేకపోతే ధరలు పెరగడమే పర్యావరణ ప్రగతిలా కనిపిస్తుంది.

దీని నుంచే మూడో రకం అంకె పుడుతుంది: వినియోగ పాదముద్ర. ఒక దేశపు ప్రజలు వాడే వస్తువులు ఎక్కడ తయారైనా వాటి వెనకున్న ఉద్గారాన్ని ఆ దేశానికే రాస్తారు, ఎగుమతులవి తీసేస్తారు. దీనికి ఆర్థికవేత్త వాసిలీ లియాంటీఫ్ రూపొందించిన ఇన్‌పుట్-అవుట్‌పుట్ పద్ధతి, అంటే ఒక పరిశ్రమ సరుకు ఇంకో పరిశ్రమకు ఎంత పోతుందో చూపే పట్టికల లెక్క, వాడతారు. ఆ పద్ధతికే ఆయనకు 1973లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. బ్రిటన్, స్వీడన్ ఈ అంకెను అధికారికంగా ప్రచురిస్తున్నాయి. కరెంటు, బస్సు టికెట్టు, దిగుమతైన ఫోను అన్నీ చివరకు కుటుంబాల పేరు మీదికి వచ్చేది ఈ లెక్కలోనే. అయితే ఇందులో ఇతర దేశాల పట్టికల మీద, మోడళ్ల మీద ఆధారపడటం ఎక్కువ. భూభాగ అంకెకున్నంత గట్టిదనం దీనికి ఉండదు. ఇళ్ల నేరు ఉద్గారాన్నీ, ఇళ్ల పాదముద్రనూ ఒకదాని బదులు ఇంకోటి వాడటం ఈ రంగంలో చాలా మామూలు పొరపాటు.

పదో మెట్టు: సవరణలకు సిద్ధపడండి

కొత్త గుణకం దొరికితే చివరి ఏడాది ఒక్కటే మార్చడం కుదరదు. 1990 నుంచి ఉన్న వరస అంతా మళ్లీ కట్టాలి. అందుకే పోయినేడాది ప్రచురణలో చూసిన 2010 అంకె ఈ ఏడాది ప్రచురణలో వేరుగా ఉండొచ్చు. ఇది దాపరికం కాదు, నియమం. పోలికలకు ఎప్పుడూ ఒకే ప్రచురణలోని వరసనే వాడండి, దించుకున్న ఫైలు పేరులో ప్రచురణ తేదీ రాసి పెట్టుకోండి.

వార్షిక ఖాతాలు ఆలస్యంగా వస్తాయి. విధాన నిర్ణయాలు అంతదాకా ఆగలేవు కాబట్టి యూరప్‌లో మూడు నెలలకోసారి అంచనాలు కూడా వేస్తున్నారు. నెలవారీ ఇంధన అమ్మకాలు, పారిశ్రామిక ఉత్పత్తి సూచికల సాయంతో వార్షిక అంకెను ముక్కలు చేసి ముందుకు పొడిగిస్తారు. వీటిలో సవరణ ఇంకా ఎక్కువ. మలుపు ఎటువైపో తెలుసుకోవడానికి పనికొస్తాయి గానీ, దశాంశ స్థానాల దాకా వాదించడానికి కాదు.

కాగితం మీద కట్టిన లెక్కను గాలినే అడిగి సరిచూసే ప్రయత్నాలూ ఉన్నాయి. బ్రిటన్ తన మీథేన్, నైట్రస్ ఆక్సైడ్, ఫ్లోరిన్ వాయువుల లెక్కను ఐర్లాండ్ పడమటి తీరంలోని మేస్ హెడ్ లాంటి కేంద్రాల్లో గాలి నమూనాలతో, గాలి దిశల మోడళ్లతో పోల్చి చూస్తుంది. స్విట్జర్లాండ్ కూడా ఇలాంటి పని చేస్తోంది. 2017లో ప్రయోగించిన సెంటినెల్-5పీ ఉపగ్రహం మీది ట్రోపోమి పరికరం పెద్ద మీథేన్ లీకులను అంతరిక్షం నుంచి పట్టుకుంటోంది. గాలి కొలత మొత్తం ఎంతో చెప్పగలదు, ఎక్కడి నుంచి వచ్చిందో కూడా కొంతవరకు చెప్పగలదు. ఉక్కు పరిశ్రమదా, పక్కనున్న విద్యుత్ కంపెనీదా, కుటుంబం కారుదా అన్నది మాత్రం వర్గీకరణ పట్టికలే చెప్పాలి.